కోరల్ సీలో నా స్ట్రైక్ ముక్కలుగా వెళ్తోంది – క్యారియర్ సెటింగ్స్‌లో తప్పెక్కడ?

#1 కొత్త_డెక్

అన్నలూ, రెండో ప్రపంచ యుద్ధం మీది కంప్యూటర్ ఆట వార్ ఇన్ ద పసిఫిక్: అడ్మిరల్స్ ఎడిషన్, 1942 మే కోరల్ సీ సినారియో, నాది అమెరికా ఉన్న అలైడ్ సైడ్, ఎదురుగా జపాన్‌ని నడిపేది ఏఐ. నా క్యారియర్లు (విమాన వాహక నౌకలు) లెక్సింగ్టన్, యార్క్‌టౌన్ రెండూ ఒకే ఎయిర్ కంబాట్ టాస్క్ ఫోర్స్‌లో (టీఎఫ్, ఒక్కటిగా నడిచే ఓడల గుంపు) పెట్టిన. జపాన్ క్యారియర్లు షోకాకు, జుయికాకు ఆరు హెక్సుల (మ్యాప్ మీది ఆరుమూలల గడులు) దూరంలో కనబడ్డయి. పొద్దుటి ఫేజ్‌లో 14 డాంట్‌లెస్ డైవ్ బాంబర్లు ఎస్కార్ట్ (తోడు ఫైటర్లు) లేకుండ పోయినయి, నాలుగే వాపసొచ్చినయి. మధ్యాహ్నం ఇంకో 9 పోయినయి. డెవాస్టేటర్ టార్పెడో బాంబర్లు డెక్ దాటలేదు. మర్నాడేమో శత్రువు కనబడక సగం స్క్వాడ్రన్లు తులగి పోర్ట్ మీద పడ్డయి.

నా సెటింగ్స్ ఇవి:
వైల్డ్‌క్యాట్ (ఫైటర్) – ఎస్కార్ట్, క్యాప్ (సొంత ఓడల పైన గస్తీ) 70%, రేంజ్ 2
డాంట్‌లెస్ – నేవల్ అటాక్, సెకండరీ పోర్ట్ అటాక్, సెర్చ్ 0, రేంజ్ మ్యాగ్జిమమ్, 6,000 అడుగులు
డెవాస్టేటర్ – నేవల్ అటాక్, సెకండరీ పోర్ట్ అటాక్, రేంజ్ మ్యాగ్జిమమ్
టీఎఫ్ రియాక్షన్ – 6

ఎక్కడ తప్పు జరుగుతున్నదో జర చెప్పండి.

#2 ఏడో_గడి

జవాబు మొత్తం మీరు రాసిన ఆ నాలుగు లైన్లలోనే ఉంది. ఏఐ ఏమీ మోసం చేయలేదు, మీరు చెప్పిందే చేసింది.

మొదట రేంజ్. ఈ ఆటలో ఒక హెక్స్ 40 నాటికల్ మైళ్లు. ఆరు హెక్సులంటే 240. డెవాస్టేటర్ టార్పెడో మోసుకుని వెళ్లి రాగలిగిన దూరం 175 మైళ్లు, అంటే నాలుగు హెక్సులు, ఆపైన కాస్త చిల్లర. ఎస్కార్ట్‌గా వైల్డ్‌క్యాట్ సంగతీ ఇంచుమించు అంతే. ఆరు హెక్సుల దాకా సాగగలిగింది డాంట్‌లెస్ ఒక్కటే. దానికి రేంజ్ మ్యాగ్జిమమ్‌లో వదిలేశారు, వైల్డ్‌క్యాట్‌కి మీ చేత్తోనే 2 పెట్టారు. ఇంక తోడు ఎవరొస్తారు?

చేయాల్సింది ఇది. క్యారియర్ మీదున్న ప్రతి ఎయిర్ గ్రూప్ స్క్రీన్ తెరవండి. నార్మల్, ఎక్స్‌టెండెడ్ అని రెండు రేంజ్ అంకెలుంటాయి. ఫైటర్, డైవ్ బాంబర్, టార్పెడో బాంబర్ – మూడింట్లో ఏ నార్మల్ అంకె చిన్నదో అదే మూడింటికీ పెట్టండి. ఎక్స్‌టెండెడ్ మీద ఆశ వద్దు. ఆ దూరానికి టార్పెడో బాంబర్ టార్పెడో వదిలేసి బాంబులతో బయల్దేరుతుంది. డెవాస్టేటర్ లాంటి నత్తని బాంబులతో పంపడం కంటే పంపకపోవడం మేలు.

రెండోది కోఆర్డినేషన్ రూలు. 1942లో అలైడ్ టీఎఫ్‌లో ఉన్న మొత్తం విమానాలు, 100కి ఓ పాచిక అంకె కలిపితే వచ్చేదాన్ని దాటితే, స్ట్రైక్ చెల్లాచెదురయ్యే అవకాశం రెట్టింపవుతుంది. ఆ పాచిక వందలోపు ఏ అంకైనా కావచ్చు. మీ రెండు క్యారియర్ల మీదా కలిపి ఇంచుమించు 140 ఉంటాయి. అంటే పాచిక 40 లోపు పడినప్పుడల్లా, పదింట నాలుగుసార్లు, మీకు దెబ్బే. ఒక్కో క్యారియర్‌ని విడి టీఎఫ్‌గా పెడితే ఒక్కోదాంట్లో 70. పాచిక ఏది పడినా 100 దాటదు. 1943లో ఈ లెక్క 150కి 150 లోపు పాచిక, 1944 నుంచి 200కి 200 లోపు. జపాన్‌కి మొదట్నుంచీ 200 లెక్కే. అందుకే వాళ్లు ఆరు క్యారియర్లు కట్టగట్టుకుని తిరిగినా మనంత ఇబ్బంది పడరు.

మూడోది సెకండరీ మిషన్. బాంబర్లకి సెకండరీ తీసేయండి. సముద్రంలో టార్గెట్ దొరక్కపోతే ఊరుకోవాలే గానీ రేవు మీద పడకూడదు. రేవు మీదకెళ్తే విమానాలు పోతాయి, పైలట్లు అలసిపోతారు, క్యారియర్‌లో ఉన్న సార్టీల (దాడికి విమానాలు ఎగరడం) కోటా ఖర్చవుతుంది. మర్నాడు షోకాకు కనబడితే చేతిలో ఏమీ ఉండదు.

రియాక్షన్ 6 గురించి ఇంకెవరైనా చెప్పండి, అది చూసి నాకు నోట మాట రాలేదు.

#3 గోదారి_గస్తీ

ఏవండీ ఏడో గడి గారూ, లెక్క బానే ఉంది గానీ కొత్తవాళ్లకి క్యారియర్లు విడదీయమని చెప్పడం నాకు నచ్చలేదు. ఎస్కార్ట్ క్రూజర్లు, డిస్ట్రాయర్లు మహా అయితే ఓ డజనో పద్నాలుగో ఉంటాయి. రెండు టీఎఫ్‌లు చేస్తే తలా ఆరేడు. విమాన విధ్వంసక ఫిరంగులు ఏ టీఎఫ్‌వి ఆ టీఎఫ్‌నే కాపాడతాయి కదండీ. 1942 మే 8న అసలు కోరల్ సీ యుద్ధంలో జరిగింది కూడా అదే. రెండు క్యారియర్లూ ఒకే చోట ఉన్నాయి గానీ టార్పెడోలు తప్పించుకోడానికి చెరో వైపు తిరిగేసరికి ఎస్కార్ట్ రెండుగా చీలిపోయింది. లెక్సింగ్టన్‌కి రెండు టార్పెడోలు తగిలాయి.

రియాక్షన్ 6 అంటే మాత్రం పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లడమే. శత్రు క్యారియర్ కనబడగానే మీ టీఎఫ్ మిమ్మల్ని అడక్కుండా దాని వైపు పరిగెడుతుంది. కమాండర్ దూకుడు అంకె ఎక్కువుంటే ఇంకా ఉత్సాహం. ఎక్కడ తేలుతుందో చెప్పలేం. వాళ్ల ఒడ్డు విమానాల రేంజ్‌లోకి వెళ్లి ఆగొచ్చు. కొత్తలో సున్నా పెట్టుకోండి. దూరం మీరే లెక్కేసుకుని మీరే నడపండి.

#4 ఏడో_గడి

ఫిరంగుల మాట ఒప్పుకుంటా. కానీ క్యాప్ అలా కాదు. ఒకే హెక్స్‌లో ఎన్ని టీఎఫ్‌లున్నా అన్ని క్యారియర్ల ఫైటర్లూ కలిసే కాస్తాయి. రెండో టీఎఫ్‌కి మొదటిదాన్ని ఫాలో అవమని, ఫాలో దూరం సున్నా అని పెడితే రెండూ ఒకే హెక్స్‌లో నడుస్తాయి. క్యాప్ ఉమ్మడి, పెనాల్టీ ఉండదు. నష్టపోయేది ఫిరంగుల్లో కొంత. 1942లో అమెరికన్ ఓడల మీద చిన్న ఫిరంగులు తర్వాతి సంవత్సరాల్లో ఉన్నన్ని లేవు కాబట్టి ఆ నష్టం నాకు చిన్నదిగానే కనిపిస్తుంది. 1944లో అయితే మీ మాటే నా మాట.

విడదీయడంలో ఇంకో లాభం చరిత్రలోనే ఉంది. 1942 జూన్‌లో మిడ్వే యుద్ధంలో యార్క్‌టౌన్ ఒక టీఎఫ్, ఎంటర్‌ప్రైజ్, హార్నెట్ ఇంకో టీఎఫ్. జపాన్ క్యారియర్ హిర్యూ పంపిన రెండు దాడులూ యార్క్‌టౌన్ మీదే పడ్డాయి. రెండోసారి వచ్చినవాళ్లు దాన్ని వేరే క్యారియర్ అనుకున్నారు. మిగతా రెంటి మీద గీత కూడా పడలేదు.

ఒక్క జాగ్రత్త: ఫాలో పెట్టినప్పుడు రియాక్షన్ రెండు టీఎఫ్‌లకీ సున్నా ఉండాలి. ముందుది రియాక్ట్ అయి వెళ్లిపోయి వెనకది నిలబడిపోతే క్యాప్ సగానికి సగం.

#5 డాల్ఫిన్_నోస్

అందరూ స్ట్రైక్ గురించే మాట్లాడుతున్నారు. ఆయన సెటింగ్స్‌లో నన్ను భయపెట్టింది "సెర్చ్ 0". ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. ముందు కనబడాలి కదా!

ప్రతి టీఎఫ్‌కీ ఆటలో డిటెక్షన్ లెవెల్ ఉంటుంది, సున్నా నుంచి 10 దాకా. అది ఎంత ఎక్కువుంటే స్ట్రైక్ బయల్దేరే అవకాశం, తగిలే అవకాశం అంత పెరుగుతాయి. ఒక్క సెర్చ్ విమానం ఒక్కసారి చూసి పోతే అది రెండో మూడో దగ్గర ఆగుతుంది. మూడు నాలుగు విమానాలు అదే టీఎఫ్‌ని చూస్తే ఎక్కుతుంది.

మనకి వీఎస్-2, వీఎస్-5 అని రెండు స్కౌటింగ్ స్క్వాడ్రన్లు ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఇంచుమించు 17 డాంట్‌లెస్‌లు. వాటికి నేవల్ అటాక్ ఉంచి సెర్చ్ 20% పెట్టండి, తలా మూడు విమానాలు వెతుకులాటకి పోతాయి. డైవ్ బాంబర్ స్క్వాడ్రన్లు వీబీ-2, వీబీ-5 సెర్చ్ సున్నా, పూర్తిగా స్ట్రైక్‌కే. క్రూజర్ల మీదున్న ఫ్లోట్ ప్లేన్లని మర్చిపోకండి, వాటికి 50% సెర్చ్ పెట్టినా పోయేదేం లేదు. అన్నిటికంటే ముఖ్యం ఒడ్డు నుంచి ఎగిరే క్యాటలినా సీప్లేన్లు. నౌమియాలో సీప్లేన్ టెండర్ టాంజియర్ దగ్గరున్నవి, పోర్ట్ మోర్స్‌బీలో ఉన్నవి. దూరపు సెర్చ్ వాటికి వదిలితే క్యారియర్ బాంబర్లు మిగులుతాయి.

సెర్చ్ ఆర్క్ చేత్తో పెట్టండి. వదిలేస్తే ఉన్న మూడు విమానాలూ 360 డిగ్రీల్లో తలో దిక్కుకీ పోతాయి. ఆర్క్ 10 డిగ్రీల మెట్లలో మారుతుంది. ఇద్దరికీ చెరో 60 డిగ్రీలిచ్చి మధ్యలో ఓ 10 ఒకదాని మీదొకటి పడేట్టు చూసుకోండి.

ఏ దిక్కుకి అంటారా? జపాన్ స్థావరం రబౌల్ వాయవ్యంలో ఉంది కాబట్టి అందరూ వాయవ్యమే చూస్తారు. అసలు షోకాకు, జుయికాకు వచ్చింది సాలమన్ దీవుల తూర్పు కొస చుట్టూ తిరిగి, మే 5న. ఏఐ ప్రతిసారీ అలాగే వస్తుందని కాదు, కానీ ఈశాన్యాన్ని ఖాళీగా వదలొద్దు.

#6 కొత్త_డెక్

ఒక డౌట్. రేంజ్ 4 పెట్టుకుంటే నేను నాలుగు హెక్సులకి దగ్గరైతేనే కొట్టగలను. జపాన్ విమానాలు అంతకంటే దూరం పోతయి కదా? వాడు ఆరు హెక్సుల నుంచి కొట్టుకుంట కూర్చుంటే నేను చూస్తూ ఉండాల్నా?

#7 డాల్ఫిన్_నోస్

అడగాల్సిన ప్రశ్న అదే. వాళ్ల విమానాలకి కవచం లేదు, బుల్లెట్ తగిలితే తనంతట పూడుకునే పెట్రోల్ ట్యాంకులు లేవు. ఆ బరువు తగ్గించుకుని దూరం కొనుక్కున్నారు. మనకంటే ఒకటి రెండు హెక్సులు ఎక్కువ పోతాయి. అందుకని ఐదు, ఆరు, ఏడు హెక్సుల దూరం మనకి చచ్చుపట్టీ. వాడు కొడతాడు, మనం కొట్టలేం. ఉంటే నాలుగులోపు ఉండాలి, లేదంటే తొమ్మిది అవతల. మధ్యలో నిలబడి ఆలోచించుకునే చోటు లేదు.

మధ్యపట్టీని రాత్రి దాటాలి. ఒక టర్న్ అంటే ఒక రోజు. రాత్రిపూట 12 గంటల సేపు కదలిక అయ్యాకే ఉదయం ఎయిర్ ఫేజ్ వస్తుంది. 25 నాట్ల వేగంతో 12 గంటలకి 300 మైళ్లు, అంటే ఏడు హెక్సులు దాటి. సాయంత్రం వాళ్లు 11 హెక్సుల దూరంలో కనబడ్డారనుకోండి, ఫుల్ స్పీడ్ పెట్టి వాళ్ల వైపు ఏడు హెక్సులు జరిగితే తెల్లారేసరికి నాలుగు. వాళ్లు కదలకుండా ఉంటేనే సుమా. వాళ్లూ మీ వైపే వస్తే రాత్రే ఒకే హెక్స్‌లో పడి ఫిరంగుల యుద్ధం అయిపోవచ్చు, అది క్యారియర్‌కి చావు. అందుకని గురి ఎప్పుడూ శత్రువు నిలబడ్డ హెక్స్ మీద కాదు, రెండు మూడు హెక్సులు పక్కకి పెట్టండి.

ఫుల్ స్పీడ్ ఆయిల్ తాగేస్తుంది, దాని సంగతి వేరే చెప్పుకోవాలి. ఆయిలర్లని క్యారియర్ టీఎఫ్‌లో కలపొద్దు. టీఎఫ్ వేగం అందులో అన్నిటికంటే మెల్లగా నడిచే ఓడ వేగమే. నియోషో 18 నాట్ల ఓడ. విడిగా రీప్లెనిష్‌మెంట్ టీఎఫ్ చేసి, రెండు డిస్ట్రాయర్లు తోడిచ్చి, దక్షిణాన వెనక ఉంచండి.

#8 పాత_పావు

నియోషో పేరెత్తారు కాబట్టి ఒక మాట. మే 7న జపాన్ స్కౌట్ ఆ ఆయిలర్‌నీ, పక్కనున్న సిమ్స్ అనే డిస్ట్రాయర్‌నీ చూసి "క్యారియర్, క్రూజర్" అని కబురు పెట్టాడు. 78 విమానాలు వాటి మీదకి వెళ్లాయి. అదే రోజు అమెరికన్ స్కౌట్ రెండు క్యారియర్లు, నాలుగు హెవీ క్రూజర్లు అని పంపాడు. అది సంకేతలిపిలో పొరపాటు. 93 విమానాలు వెళ్లేసరికి అక్కడ దొరికింది చిన్న క్యారియర్ షోహో. వాళ్ల అదృష్టం, ఏదో ఒకటి దొరికింది.

ఆటలో కూడా సెర్చ్ రిపోర్టులు ఇలాగే అబద్ధాలాడతాయి. మ్యాప్ మీద ఓడ గుర్తు చూసి పొంగిపోవద్దు. టీఎఫ్ మీద కర్సర్ పెట్టి డిటెక్షన్ లెవెల్ చూడండి. ఒకటీ రెండూ ఉంటే "క్యారియర్" అన్నమాటని సగమే నమ్మండి. వేర్వేరు విమానాలు అదే దిక్కు, అదే వేగం చెబితే అప్పుడు కదలండి.

నాకు కంప్యూటర్ కంటే బల్ల మీద ఆటే ఇష్టం. అవలాన్ హిల్ వాళ్ల ఫ్లాట్ టాప్ కూడా ఈ సముద్రమే, టర్న్‌కి ఒక గంట. కొత్తవాళ్లు ఒక్కసారన్నా ఆడాలి అంటాను. ఎందుకంటే అడ్మిరల్స్ ఎడిషన్ దాచిపెట్టే విషయం ఒకటి అక్కడ కళ్లముందుంటుంది – డెక్. ఏ విమానం గాల్లో ఉంది, ఏది దిగింది, ఏది కింద సిద్ధమవుతోంది, ఏది డెక్ మీద ఎగరడానికి ఉంది, అంతా కాగితం మీద మీరే రాసుకోవాలి. దిగిన విమానం వెంటనే ఎగరదు. డెక్ మీద విమానాలు పేర్చి ఉంటే పైనున్నవి దిగలేవు. బాంబుల నుంచి టార్పెడోలకి మార్చడానికి టైము పడుతుంది, ఆ టైములో శత్రువు వస్తే హ్యాంగర్ నిండా మందుగుండు. ఇది చేత్తో ఒకసారి రాసుకుంటే మిడ్వేలో జపాన్ క్యారియర్ల అడ్మిరల్ నాగుమో ఎందుకు తటపటాయించాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

#9 ఏడో_గడి

క్యాప్ ఎవరూ ముట్టుకోలేదు. 70% క్యాప్ అంటే 20 వైల్డ్‌క్యాట్లలో 14 ఇంటి కాపలా, ఆరు స్ట్రైక్‌తో. ఆ ఆరు కూడా రేంజ్ 2 వల్ల వెళ్లలేదు. 50% పెట్టండి. రెండు క్యారియర్లకీ కలిపి ఓ 20 కాపలాకి, ఓ 20 తోడుకి.

క్యాప్‌లో పెట్టినవన్నీ ఒకేసారి గాల్లో ఉండవు. కొన్ని ఎగురుతుంటాయి, మిగతావి స్టాండ్‌బై, రెయిడ్ కనబడ్డాక లేస్తాయి. యుద్ధం అయ్యాక కంబాట్ రిపోర్ట్ తెరిస్తే రెయిడ్ ఎన్ని నాటికల్ మైళ్ల దూరంలో కనిపించింది, ఎన్ని నిమిషాల్లో చేరుతుంది అని ఓ లైను ఉంటుంది. అందరూ దాన్ని దాటేసి ఎన్ని కూలాయో చూస్తారు. నిజానికి చదవాల్సింది ఆ లైనే. 180 నాట్లతో వచ్చే రెయిడ్ 60 మైళ్లలో కనబడితే 20 నిమిషాలు. 15 మైళ్లలో కనబడితే 5 నిమిషాలు. వైల్డ్‌క్యాట్ 15 వేల అడుగులకి ఎక్కడానికే ఐదు నిమిషాల పైమాట. 60 మైళ్లయితే స్టాండ్‌బైలో ఉన్నవి కూడా అందుకుంటాయి. 15 అయితే పైనున్నవే దిక్కు. కాబట్టి రాడార్ ఉన్న ఓడ ప్రతి క్యారియర్ టీఎఫ్‌లోనూ ఉండాలి. విడదీసేటప్పుడు ఇది చూసుకుని పంచండి.

ఫైటర్ స్క్వాడ్రన్ల ఎత్తు: వీఎఫ్-2 15 వేలు, వీఎఫ్-42 10 వేలు. అన్నీ ఒకే ఎత్తులో పెడితే కింద నుంచి వచ్చే టార్పెడో విమానాలు దూరిపోతాయి.

క్యాప్ రేంజ్ సంగతి: క్యాప్ రేంజ్, ఎస్కార్ట్ మిషన్ రేంజ్ ఒకటే డబ్బాలో ఉంటాయి. ఎస్కార్ట్ కోసం 4 పెట్టాల్సిందే. కాపలాకి మాత్రమే అనుకున్న స్క్వాడ్రన్ ఉంటే దానికి సున్నా, అప్పుడు సొంత హెక్స్ వదిలిపోదు.

#10 గోదారి_గస్తీ

డాంట్‌లెస్ 6,000 అడుగులు కూడా మార్చమనండి. 10 వేల నుంచి 15 వేల మధ్య పెడితేనే నిటారుగా డైవ్ చేస్తుంది. తక్కువైతే ఏటవాలుగా గ్లైడ్ బాంబింగే, తగిలేవి తగ్గుతాయి, ఫిరంగులకి దొరికేవి పెరుగుతాయి. చాలామంది బాంబర్లకీ వాటితో వెళ్లే ఫైటర్లకీ ఎత్తుల తేడా పెద్దగా లేకుండా చూసుకుంటారు, కలిసి వెళ్తాయని.

టార్పెడోల మీద పెద్ద ఆశ పెట్టుకోకండి. 1942లో అమెరికన్ మార్క్ 13 టార్పెడో నమ్ముకోదగ్గది కాదండీ. మెల్లగా, చాలా కింద నుంచి వదలాలి. మే 8న షోకాకుకి తగిలినవి మూడు బాంబులు, అన్నీ డాంట్‌లెస్‌లవే. ఒక్క టార్పెడో కూడా తగల్లేదు. ఆ మూడింటికే డెక్ పనికిరాకుండా పోయి ఇంటిదారి పట్టింది. జుయికాకు వానమబ్బు కింద దూరి తప్పించుకుంది. ఆటలో మీ స్ట్రైక్ కూడా ఒక్కోసారి ఇలా మబ్బుల్లో దారి తప్పుతుంది, దానికి సెటింగ్ లేదు.

#11 వానకాలం_వైల్డ్‌క్యాట్

బ్రిటిష్ వైపు ఆడితే ఇవన్నీ పనికొస్తాయా? పెద్ద క్యాంపెయిన్‌లో 1942 ఏప్రిల్‌లో బంగాళాఖాతంలోకి జపాన్ వస్తే ఏం చేయాలో తోచదు.

#12 డాల్ఫిన్_నోస్

అదే కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన తీరం కథ అది. నాగుమో ఐదు క్యారియర్లతో ఏప్రిల్ 5న కొలంబో, 9న ట్రింకోమలి కొట్టాడు. అదే సమయంలో ఒజావా ర్యూజో అనే చిన్న క్యారియర్‌తో బంగాళాఖాతంలోకి దూరి ఇరవైకి పైగా వర్తక నౌకలు ముంచాడు. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులేసింది ఆ ర్యూజో విమానాలే.

ఇందులో క్యారియర్ ఆటగాడికి పాఠం రెండు ముక్కల్లో ఉంది. ఒజావాది చిన్న క్యారియర్‌ని ఎలా వాడాలో చూపిస్తుంది. ఎదురు ఫైటర్లు లేనిచోటికి, వరసగా ఓడలు నడిచే దారిలోకి పంపాలి. పెద్ద యుద్ధంలో దాన్ని నిలబెడితే ఆగస్టులో ఈస్టర్న్ సాలమన్స్‌లో అయినట్టు మునుగుతుంది.

రెండోది బ్రిటిష్ అడ్మిరల్ సోమర్‌విల్. ఆయన చేతిలో ఇండామిటబుల్, ఫార్మిడబుల్ ఉన్నాయి. వాటి మీద టార్పెడో విమానాలు ఆల్బకోర్లు, రెండంతస్తుల రెక్కల విమానాలు. పగలు జపాన్ జీరో ఫైటర్ల ఎదుటికి పంపితే ఒక్కటీ తిరిగిరాదు. కానీ వాటికి రాడార్ ఉంది, రాత్రి కొట్టగలవు. అందుకని ఆయన పగలు దూరంగా జరిగి, రాత్రి దగ్గరికొచ్చే ఎత్తు వేశాడు. అడ్డు అటోల్ అనే రహస్య స్థావరం దగ్గరపెట్టుకుని అక్కడే నీళ్లూ ఆయిలూ నింపుకున్నాడు. చివరికి నాగుమో ఆయనకి దొరకలేదు, ఆయన నాగుమోకి దొరకలేదు. నౌకాదళం మిగిలింది. ఆటలో బ్రిటిష్ వైపు ఇంతకంటే మంచి ఎత్తు నాకు తెలీదు: ఆల్బకోర్లకి నైట్ నేవల్ అటాక్, చంద్రుడు బాగా ఉన్న రాత్రులు చూసుకుని, పగలు తొమ్మిది హెక్సుల అవతల.

చేయకూడనిది కూడా అక్కడే ఉంది. హెర్మిస్ అనే క్యారియర్ ఏప్రిల్ 9న బట్టికలోవా దగ్గర మునిగినప్పుడు దాని మీద విమానాలే లేవు. ఎయిర్ గ్రూప్ లేని క్యారియర్ పెద్ద టార్గెట్, అంతే. ఆటలో స్క్వాడ్రన్లు దించేసిన క్యారియర్ ఉంటే ఆ టర్న్‌లోనే శత్రువుకి అందనంత దూరం పంపేయండి. కార్న్‌వాల్, డార్సెట్‌షైర్ క్రూజర్లు కూడా అంతే. పైన క్యాప్ లేకుండా పగటిపూట తిరుగుతుంటే 53 డైవ్ బాంబర్లు ఇరవై నిమిషాల్లోపు రెంటినీ ముంచేశాయి.

జపాన్ ఆడేవాళ్లకి కూడా ఒకటి: అదే 9న తొమ్మిది బ్రిటిష్ బ్లెన్‌హైమ్ బాంబర్లు ఎవరికీ కనబడకుండా నాగుమో క్యారియర్ అకాగి మీదకొచ్చి బాంబులేశాయి. తగల్లేదు, అది వేరే విషయం. రాడార్ లేని నౌకాదళానికి ఎంత క్యాప్ పెట్టినా ఆ కన్నం ఉంటుంది.

#13 కొత్త_డెక్

దండం అన్నా. ఇంకొకటి, క్యారియర్‌కి దెబ్బ తగిలినంక ఏం చేయాలె? నా లెక్సింగ్టన్ ఒక బాంబు తిని కూడా బాగానే నడుస్తుంటే ముందుకే తోలిన, రెండు టర్న్‌ల తర్వాత మునిగింది.

#14 పాత_పావు

అసలు లెక్సింగ్టన్ కూడా అలాగే పోయింది. దాడి అయ్యాక మంటలు అదుపులోకొచ్చాయి, విమానాలు దింపుకుంటోంది. లోపల ట్యాంకుల నుంచి కారిన పెట్రోల్ ఆవిరికి నిప్పంటుకుని పేలింది.

ఆటలో నాలుగు అంకెలు చూడాలి: సిస్టమ్, ఫ్లొటేషన్ (నీళ్లు చేరడం), ఇంజిన్, మంటలు. మంటల అంకె ఎక్కువుంటే ఆ క్యారియర్‌ని ఆ టర్న్‌లోనే విడి టీఎఫ్ చేయండి. తోడు రెండు డిస్ట్రాయర్లు. దగ్గర్లో ఉన్న పెద్ద రేవుకి, మామూలు వేగంతో. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిస్తే నీళ్లు ఇంకా లోపలికొస్తాయి. దాన్ని పెద్ద టీఎఫ్‌లోనే ఉంచితే మిగతా అన్నీ దాని నత్తనడకతోనే నడుస్తాయి.

విమానాలు రెండో క్యారియర్ మీద దిగుతాయి, అది మంచిదే. కానీ మోయగలిగినదానికి 115% దాటితే ఆ క్యారియర్ నుంచి ఒక్క విమానం కూడా ఎగరదు. అలా అయితే మిగిలినవాటిని ఏదో ఒక ఒడ్డు స్థావరానికి తోలేయండి, లేదా బాగా దెబ్బతిన్న స్క్వాడ్రన్‌ని దించండి. మొదటి విజయం తర్వాత కొత్తవాళ్లు మునిగేది ఇక్కడే. రెండో క్యారియర్ బాగానే కనబడుతుంది, స్ట్రైక్ ఎందుకు వెళ్లలేదో అర్థం కాదు.

#15 కొత్త_డెక్

మార్చిన. ఒకసారి చూడండి:

టీఎఫ్ ఎ – లెక్సింగ్టన్, 3 క్రూజర్లు, 4 డిస్ట్రాయర్లు. రియాక్షన్ 0
టీఎఫ్ బి – యార్క్‌టౌన్, 3 క్రూజర్లు, 4 డిస్ట్రాయర్లు. ఎ ని ఫాలో, దూరం 0, రియాక్షన్ 0
వీఎఫ్-2 – ఎస్కార్ట్, క్యాప్ 50%, రేంజ్ 4, 15,000
వీఎఫ్-42 – ఎస్కార్ట్, క్యాప్ 50%, రేంజ్ 4, 10,000
వీబీ-2, వీబీ-5 – నేవల్ అటాక్, సెకండరీ లేదు, రేంజ్ 4, 14,000
వీఎస్-2 – సెర్చ్ 20%, ఆర్క్ 290 నుంచి 350, మిగతా పైలాగే
వీఎస్-5 – సెర్చ్ 20%, ఆర్క్ 340 నుంచి 040, మిగతా పైలాగే
వీటీ-2, వీటీ-5 – నేవల్ అటాక్, టార్పెడో, సెకండరీ లేదు, రేంజ్ 4
నియోషో – విడి టీఎఫ్, వెనక

#16 ఏడో_గడి

రెండు దిద్దుబాట్లు. వీఎస్-5 ఆర్క్ 040 దగ్గర ఆగింది. డాల్ఫిన్ గారు చెప్పిన తూర్పు కొస మీరున్న చోటు నుంచి అంతకంటే కుడివైపుంటే కనబడదు. టర్న్ మొదట్లో మ్యాప్ మీద మీ టీఎఫ్ నుంచి ఆ కొసనున్న శాన్ క్రిస్టోబల్ దీవి ఏ దిక్కులో ఉందో చూసి ఆర్క్ జరపండి. ఇది ఒకసారి పెట్టి మర్చిపోయే సెటింగ్ కాదు, మీరు కదిలినప్పుడల్లా మారుతుంది.

రెండు, పైలట్ల లిస్టు తెరవండి. డైవ్ బాంబర్లకి నేవల్ బాంబింగ్, డెవాస్టేటర్లకి నేవల్ టార్పెడో నైపుణ్యం అంకె చూడండి. 70 చుట్టుపక్కల ఉంటే బాగు. 50 లోపు వాళ్లని రిజర్వ్‌కి తోసి అనుభవం ఉన్నవాళ్లని ముందుకి లాగండి. అలసట అంకె కూడా అక్కడే ఉంటుంది. రెండు రోజులు వరసగా సెర్చ్ చేసిన వీఎస్ స్క్వాడ్రన్ మూడో రోజు స్ట్రైక్‌కి పనికిరాదు. వీబీ, వీఎస్ పనులు రోజు మార్చి రోజు మార్చుకోండి, రెంటి దగ్గరా ఉన్నది డాంట్‌లెస్సే.

#17 గోదారి_గస్తీ

మూడోది నేను కలుపుతానండీ. మధ్యాహ్నం ఫేజ్‌లో దూరపు స్ట్రైక్‌ని చూసి సంబరపడకండి. 1944 జూన్ 20న అమెరికన్ అడ్మిరల్ మిట్షర్ సాయంత్రం 216 విమానాలు పంపితే శత్రువు చేతిలో పోయినవి 20, చీకట్లో పెట్రోల్ అయిపోయో, దిగబోయో పోయినవి 80. ఆటలో ఇవి ఆపరేషనల్ లాసెస్ కింద చివర్లో ఓ అంకెగా కనబడతాయి, ఎవరూ చూడరు. రేంజ్ 4 దగ్గరే ఉంచండి, 5 చేయాలని చెయ్యి దురద పెడుతుంది.

#18 కొత్త_డెక్

దురద పెడుతున్నది నిజమే. వీఎస్-5 ఆర్క్ 030 నుంచి 090 చేసిన, వీఎస్-2 ని 320 నుంచి 040 కి జరిపిన. టర్న్ నొక్కుతున్న.